నాలుగో వైపు చప్పట్లు

మార్‌బ్రిడ్జ్‌లో మా టానరీ రోడ్డు గ్రౌండుకి మూడు వైపులే గ్యాలరీలు. నాలుగో వైపు ఏమీ లేదు — ఒక తాడు, తాడు అవతల కౌంటీ క్రికెట్ మైదానం. చలికాలమంతా ఫుట్‌బాల్ వాళ్లం మేం, ఎండలు మొదలవగానే క్రికెట్ వాళ్లు. ఒకే ఇంట్లో వేరు కాపురాలు పెట్టిన తోడికోడళ్లలా గొణుక్కుంటూనే సర్దుకుపోయాం.

ఆ నాలుగో వైపుకి మాత్రం చెడ్డపేరు ఉండేది.

తాడు దాటి కొంచెం ముందుకు వెళితే పచ్చికలో ఒక బోడి మచ్చ. చాటంత ఉంటుంది. ఎన్నిసార్లు విత్తనం చల్లినా, ఎంత ఎరువు వేసినా అక్కడ గడ్డిపోచ మొలవలేదు. క్రికెట్ ఆడేవాళ్లు దాని చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. మా బంతి అటు దొర్లిపోతే, తేవడానికి వెళ్లినవాడు కాలితో ఇవతలకి లాగేవాడే తప్ప వంగి చెయ్యి పెట్టేవాడు కాదు.

ఎందుకలా అని కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా అడిగారా... వాళ్లని డెరిక్ షాలో దగ్గరికి పంపేవాళ్లం.

డెరిక్ గ్యాలరీలో మా వరసలో కూర్చునేవాళ్లందరికన్నా పెద్దవాడు. మార్‌బ్రిడ్జ్ టౌన్ జట్టు గెలిచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా ఒక్క ఆట వదిలేవాడు కాదు. రిఫరీ ఈల నచ్చకపోతే చెవిమిషన్ ఆపేసుకుని కూర్చునే రకం. ఆ మచ్చ కథ చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. టీ కప్పు పక్కన పెట్టేవాడు. గొంతు తగ్గించేవాడు.

“పూర్వం ఒక కుర్రాడు క్యాచ్ కోసం వెనక్కి పరిగెత్తాడు... పొగమంచులో. పట్టాడు. పట్టి, అక్కడే పడ్డాడు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. వాడి గుండె ఆగిపోయిందని వాళ్లకి తెలీదుగా... కొడుతూనే ఉన్నారు. మంచు పట్టిన రాత్రి తాడు దగ్గర నిలబడి చూడు. ఇంకా కొడుతూనే ఉంటారు. మెల్లగా. ఒక్కొక్కటే.”

అప్పుడు రెండు వేళ్లు అరచేతి మీద కొట్టి చూపించేవాడు. టప్... టప్... టప్...

మేం నవ్వేవాళ్లం. నవ్వుతూనే కోటు కాలరు పైకి లాక్కునేవాళ్లం. మా వరసలో సగంమంది తామూ ఆ చప్పట్లు విన్నామని ప్రమాణం చేసి మరీ కోతలు కోసేవాళ్లు.

ఇక అసలు సంగతికి వస్తాను. గ్రౌండు అమ్ముడుపోయింది. ఇళ్లు కడతారట. క్రికెట్ వాళ్లు ముందే సామాను సర్దుకుని వేరే ఊరు వెళ్లిపోయారు. మాకు మిగిలింది ఒక్క ఆట — చలికాలంలో నేల గడ్డకట్టిందని వాయిదా వేసింది, ఏప్రిల్ చివర ఒక మంగళవారం రాత్రికి పెట్టారు. గెలిస్తే లీగులో ఉంటాం. ఓడితే లేదు. ఉండటానికి గ్రౌండు లేక, ఆడటానికి లీగు లేక... ఇంక ఆ జట్టు ఎందుకు?

ఓడిపోయాం.

మా ఫార్వర్డు ఖాళీ గోలు ముందు బంతిని ఆకాశంలోకి తన్నినప్పుడు నా పక్కవాడు, “కంగారేం లేదు, అక్కడ కట్టబోయే ఇంటి మేడమీద పడుంటుంది, వెళ్లి తెచ్చుకోవచ్చు,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఈల మోగాక జనం కదల్లేదు. మగవాళ్లు మొహాలు దాచుకోకుండా ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

తర్వాత మొదలైంది దోపిడీ. మా దేశంలో గ్రౌండు మూసేసేటప్పుడు అదొక ఆచారం — తలా ఒక ముక్క పట్టుకుపోతారు. ఒకడు తన కుర్చీ ఊడదీసుకున్నాడు. ఒకడు మరుగుదొడ్డి బోర్డు. వంటింటి కత్తులతో పచ్చికని పలకలుగా కోసి సంచుల్లో వేసుకున్నారు. పెనాల్టీ కొట్టే చోటు కోసం ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకున్నంత పని చేశారు.

నాలుగో వైపుకి మాత్రం ఒక్కడూ వెళ్లలేదు. ఆ బోడి మచ్చ ఎవడికి కావాలి?

పొద్దున్నే మట్టి తవ్వే మిషన్లు వస్తాయన్నారు. ఫ్లడ్‌లైట్లు ఆర్పేశారు. అందరం ఇళ్లకి పోయాం.

ఆ తర్వాత జరిగింది నాకు చెప్పినవాడు క్లైవ్ ట్రాంటర్. గ్రౌండులో మాంసం కూరిన పేస్ట్రీల దుకాణం అతనిది. ఆ పేస్ట్రీల్లో మాంసం ఎంత ఉంటుందో అతని మాటల్లో నిజం అంతే ఉంటుందని మేం ఏడిపించేవాళ్లం. కానీ ఈ కథ చెప్పేటప్పుడు క్లైవ్ ముందున్న బీరు గ్లాసు ముట్టుకోలేదు. అది నేను ఎప్పుడూ చూడలేదు.

దుకాణంలో మిగిలిన రేకు ట్రేలు తెచ్చుకుందామని క్లైవ్ వెనక్కి వచ్చాడు. గేటు తాళం అతని దగ్గరే ఉంది. నదివైపు నుంచి మంచు లేచింది. మూడు గ్యాలరీలూ కనబడటం మానేశాయి. చేతిలో టార్చి ఉంది గాని, దాని వెలుగు నాలుగు అడుగులు వెళ్లి ఆగిపోతోంది.

ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటున్నాడు...

టప్.

ట్రేలు చల్లబడి చప్పుడు చేశాయేమో అనుకున్నాడు.

టప్... టప్...

చేతులు ఆగిపోయాయి. ఆ చప్పుడు నాలుగో వైపు నుంచి వస్తోంది. మెల్లగా. ఒక్కొక్కటే. ఉన్ని తొడుగులు వేసుకున్న చేతుల్లా — మెత్తగా.

పారిపోదామనే అనుకున్నాడట. కానీ మా ఊళ్లో ఒక జబ్బు ఉంది... ఆఖరిరోజు కదా, నాకూ ఒక ముక్క దక్కాలి అనే జబ్బు. ఎవడో నాకన్నా ముందు వచ్చి ఏదో పట్టుకుపోతున్నాడు అనుకుని, ట్రేలు చంకలో పెట్టుకునే మైదానంలోకి నడిచాడు.

తాడు దాటాడు. టార్చి వెలుగు బోడి మచ్చ అంచుకి తగిలింది.

చప్పట్లు ఆగిపోయాయి.

అక్కడ ఎవరూ లేరు.

అప్పుడు — వెనకనుంచి — మట్టి గీరుతున్న చప్పుడు. తిరిగి చూస్తే, కొద్దిదూరంలో తాడు పక్కన, నేలకి ఆనించిన చిన్న దీపం. దాని పక్కన వంగిన ఆకారం. రెండు చేతులూ నేలలోకి పోయి ఉన్నాయి... మోచేతుల దాకా.

క్లైవ్ చంకలోంచి ట్రేలు జారి పడ్డాయి. ఆ మోతకి ఊరంతా లేవాలి. ఆ ఆకారం మాత్రం తల కూడా ఎత్తలేదు.

దగ్గరికి వెళ్లి, వెలుగు మొహమ్మీద వేశాడు.

డెరిక్.

మోకాళ్ల మీద ఉన్నాడు. కోటు నిండా మట్టి. చుట్టూ గుంటలు... ఒకటి కాదు, కుక్క తవ్వినట్టు ఎక్కడపడితే అక్కడ. గోళ్లలోంచి రక్తం. క్లైవ్‌ని చూసి, మట్టిచేత్తోనే చెవిమిషన్ ఆన్ చేసుకున్నాడు.

“ఒరే క్లైవ్,” అన్నాడు, దొంగతనంలో దొరికినవాడిలా కాదు, నీళ్లలో మునిగిపోతున్నవాడిలా. “కనబడట్లేదురా. పొద్దున్నే మిషన్లు వచ్చేస్తాయి.”

“ఏం కనబడట్లేదు?”

“ఈనిడ్.”

ఈనిడ్ ఆయన భార్య. పోయి చాలా ఏళ్లయింది. ఆమెది క్రికెట్, ఆయనది ఫుట్‌బాల్, కాపురమంతా అదే పోట్లాట. నీ ఆట ఐదురోజుల నిద్ర అని ఆయన, నీ ఆట పదకొండుమంది తాగుబోతుల తోపులాట అని ఆమె. అయినా చలికాలం ఆయన పక్కన ఆమె, ఎండాకాలం ఆమె పక్కన ఆయన.

పోయేముందు ఆమె ఒకటి అడిగిందట. నా బూడిద తాడు దగ్గర పొయ్యి. తల మా క్రికెట్ వైపు, కాళ్లు మీ వైపు. మీవాళ్లు ఓడినప్పుడల్లా ఒక తన్ను తన్నడానికి వీలుగా ఉంటుంది.

గ్రౌండులో బూడిద పొయ్యకూడదని క్లబ్బు అప్పటికే నిషేధించింది. చచ్చిపోయిన ప్రతి అభిమానీ అక్కడికే వస్తానంటే ఏం చేస్తారు మరి. అందుకని డెరిక్ చీకట్లో గోడదూకి వచ్చాడు. మైదానాన్ని సగానికి చీల్చే సెంటర్ లైను తాడుకి తగిలే చోట బూడిద పెట్టె మూత తీశాడు. తొందరలో అంతా ఒక్కచోటే పోగుపడింది. కాలితో నాలుగుసార్లు సర్ది వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఆట వదలని మనిషి, రెండు సీజన్లు ఈ దిక్కు చూడలేదు.

“సరిగ్గా ఇక్కడేరా... లైను తాడుని ముట్టుకునే చోట. ఇంత తవ్వాను. మన్ను తప్ప ఏం లేదు. రేపు దాన్ని చెత్తతోపాటు లారీలో ఎత్తుకుపోతారు. దాన్ని నేను ఎక్కడని వెతుక్కోను?”

క్లైవ్ ఏదో ఒకటి అనాలని, “ఒక్కమాట మాతో చెప్పి ఉండాల్సింది అన్నా,” అన్నాడు.

“చెబితే రానిచ్చేవాళ్లా? గడ్డి చచ్చిపోతుందని బోర్డు పెట్టారుగా.”

గడ్డి చచ్చిపోతుంది...

క్లైవ్ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఆగి, మంచులో కనబడని తన దుకాణం వైపు చూశాడు. ఆ దుకాణం మీద అతనికి ఒక పాతబాధ ఉంది, అది వినని మనిషి మా ఊళ్లో లేడు. క్రికెట్ వాళ్లు తమ మైదానం పెద్దది చేసుకోవాలని ఫుట్‌బాల్ మైదానాన్ని గ్యాలరీ వైపుకి జరిపించారు. లైనూ జరిగింది, తాడూ జరిగింది. ఆ జరగడంలో క్లైవ్ దుకాణం గోడకి ఆనుకుపోయి, జనం నిలబడే చోటు పోయింది. ఎవరు టీ తాగడానికి వచ్చినా అతను ఆ ఏడుపే ఏడ్చేవాడు. డెరిక్‌ కూడా వందసార్లు విని ఉంటాడు — చెవిమిషన్ ఆపుకుని.

“అన్నా... ఆ జరిపింది, నువ్వు రాని ఆ రెండేళ్లలోనే.”

డెరిక్ అర్థంకానట్టు చూశాడు.

“అప్పటి తాడు ఇది కాదు. అప్పటి లైను ఇంకా అవతలికి ఉండేది.” టార్చి మెల్లగా తిప్పాడు. వెలుగు పచ్చిక మీద పాకుతూ వెళ్లి ఆ బోడి మచ్చ మీద ఆగింది. “అక్కడికి.”

డెరిక్ తల తిప్పి ఆ వెలుగు వెంబడే చూశాడు.

“ఇన్నేళ్లూ...” అన్నాడు డెరిక్. “ఇన్నేళ్లూ మా ఆవిడని చూపించే జనాన్ని జడిపించానట్రా నేను?”

లేవలేకపోయాడు. మోకాళ్ల మీదే పాక్కుంటూ వెళ్లాడు. పైపొర చేత్తో గీరగానే కింద తెల్లగా, సున్నపు రవ్వలా... కనబడింది. ఆయన దానిమీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ మట్టిని రేకు ట్రేల్లోకి ఎత్తారు. క్లైవ్ జీవితంలో అంత జాగ్రత్తగా ట్రే నింపింది లేదు.

గేటు దగ్గర, ఆయన్ని కొంచెం తేలికపరుద్దామని క్లైవ్ అన్నాడు: “నువ్వు చప్పట్లు కొట్టావు కాబట్టి సరిపోయింది అన్నా. లేకపోతే నేను ట్రేలు తీసుకుని అటునుంచి అటే పోయేవాణ్ణి.”

డెరిక్ ఆగాడు.

“నేనెక్కడ కొట్టాను? నా రెండు చేతులూ మట్టిలో ఉన్నాయి.”

“అయితే... ఆ క్యాచ్ పట్టిన కుర్రాడు...”

“కుర్రాడూ లేడు, క్యాచ్ లేదు. రెండేళ్ల తర్వాత వచ్చి చూస్తే ఆ మచ్చ ఉంది, సరదాకి దానికో కథ కట్టాను. చప్పట్లు మాత్రం...” చేతిలో ట్రే వైపు చూశాడు. “ఫుట్‌బాల్‌కి వచ్చి కూడా క్రికెట్ చప్పట్లే కొట్టేది ఈనిడ్. ఉన్ని తొడుగులతో. రెండు వేళ్లతో. అవి దాని దగ్గర తీసుకున్నాను.”

క్లైవ్ నాకు చెప్పింది ఇంతవరకే. నేను నమ్మలేదు. నమ్మకపోయినా, కాళ్లు ఊరుకోక ఒక ఆదివారం డెరిక్ ఇంటికి వెళ్లాను.

వంటింటి కిటికీ దగ్గర బల్లమీద కొయ్యతొట్టి, అందులో ఆ మట్టి. గడ్డి విత్తనం చల్లాడట, ఒక్కటీ మొలవలేదు. రేడియోలో కౌంటీ క్రికెట్ స్కోరు వస్తోంది. ఆ రాత్రి ఆయన కూడా చప్పట్లు విన్నాడా అని అడిగాను.

“లేదు,” అన్నాడు. “ఈనిడ్ అలా కొడుతుంటే నలుగురిలో నాకు సిగ్గుగా ఉండేది. చెవిమిషన్ ఆపేసి, విననట్టు కూర్చునేవాణ్ణి. బతికున్నన్నాళ్లూ అంతే. ఇప్పుడు పొద్దస్తమానం మిషన్ పూర్తిగా పెంచుకుని కూర్చుంటున్నాను... ఏం లేదు. క్లైవ్ గాడు నన్ను ఓదార్చడానికి చెప్పాడేమో.”

రేడియోలో ఎవరో యాభై పరుగులు పూర్తిచేశారు. డెరిక్ చటుక్కున రేడియో ఆపేశాడు. నన్ను కదలొద్దని సైగ చేశాడు. తొట్టి మీదకి వంగి, రెండు వేళ్లు అరచేతి మీద కొట్టాడు.

టప్... టప్...

ఆగాడు. ఊపిరి బిగబట్టాడు.

టప్.

మెత్తగా. ఉన్నిలోంచి వచ్చినట్టు. ఆయన చేతులు బల్లమీదే ఉన్నాయి. ఆయన మొహం చూశాను — ఇంకా ఎదురుచూస్తూనే ఉంది ఆ మొహం.

“నీకేమైనా వినబడిందా?” అన్నాడు.

“వినబడింది,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

డెరిక్ నావైపు కాసేపు చూశాడు. తర్వాత జాలిగా నవ్వి, నా భుజం తట్టాడు.

“మన వరసలో సగంమంది అదే మాట అనేవాళ్లులే,” అన్నాడు.