దోసపూలకు ఎర్రదారం

పొద్దున్నే పెరట్లోకి వెళ్ళిన అత్తగారు పందిరి దగ్గర ఆగిపోయింది. దోసపాదులో పిందె ఉన్న రెండు ఆడపూలకు మూతి బిగించి ఎర్రదారం చుట్టి ఉంది. పక్కనుండాల్సిన మగపూలు లేవు. తుంచిన తొడిమలింకా పచ్చిగానే ఉన్నాయి.

దారం ఎవరిదో వేరే చెప్పాలా? ఇంట్లో కుట్టుమిషను తొక్కేది కోడలొక్కతే. నాలుగు రోజులుగా ఆరిన బట్టలు తెస్తానని సాయంత్రం పెరట్లోకి వచ్చి, ఎంతకూ లోపలికి రావడం లేదు. గోడమీంచి పక్కింటావిడతో గుసగుసలొకటి.

ఆ దోస అత్తగారి తల్లి చేతి విత్తనం. వేలెడంత ఉండగానే కోసి ఉప్పునీళ్ళ జాడీలో ఊరేస్తే ఏడాదైనా కరకరలాడుతుంది. డబ్బాలో మిగిలిన గింజలన్నీ ఈసారి నాటేసింది. విత్తనానికి కాయ పండకపోతే ఇక అంతే.

"నా పాదు ముట్టుకోవద్దన్నానా? ఆ పూల గొంతు ఎందుకు నులిమావే?"

మిషను ఆపి కోడలు పెరట్లోకి వచ్చింది. కొడుకు బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చాడు. "పొద్దున్నే ఈ పూల పంచాయితీ ఏంటమ్మా?"

"నువ్వు పళ్ళు తోముకో నాయనా. నేను నీ పెళ్ళాన్ని ఏదైనా అడిగితే చాలు, నీకు బ్రష్షు గుర్తొస్తుంది." కోడలి వైపు తిరిగింది. "మగపూలు పక్కింటికి చేరేశావా?"

"అయ్యో, కాదత్తయ్యా! పక్కింటావిడ కొట్లో కొన్న దోసగింజలు గోడవతల వేశారు. తేనెటీగలు అక్కడ వాలి ఇక్కడ వాలితే విత్తనం కలిసిపోతుంది. వచ్చే ఏడు మొలిచేది మీ అమ్మగారి దోస కాదు. అందుకే రాత్రికి మొగ్గలు కట్టేసి, పొద్దున ఈ పాదు మగపువ్వే పిందెపువ్వులో అద్ది, మళ్ళీ కడుతున్నా."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే దగ్గరికి రానిచ్చేవారా?" కోడలు కుళాయి వైపు చూపించింది. "నా పాదుకీ అలాగే కడుతున్నా. మీరు నమ్మి ఇచ్చిన గింజ కదా, నా చేతిలో చెడిపోకూడదని."

అత్తగారు కుళాయి పక్కనున్న కోడలి పాదు వైపు చూసింది. అక్కడా ఎర్రదారాలే. కోడలు గింజలడిగిన రోజు నమ్మబుద్ధి కాలేదు. బజారు పొట్లం విప్పి, పాతగుడ్డలో మూటకట్టి, 'మా అమ్మవి, జాగ్రత్త' అని చేతిలో పెట్టింది. కలిసిపోయే దోస గోడవతలే కాదు, నాలుగడుగుల దూరంలో తనే పెట్టించుకుంది. ఈ దారాలే లేకపోతే తల్లి విత్తనం తన అబద్ధంతోనే పోయేది.

గట్టుమీద కూలబడింది. "అవి మా అమ్మవి కావే. బజారువి. నిన్ను నమ్మలేక..."

"మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నానత్తయ్యా, నాకిచ్చారని."

ఆ మాటకు ఆవిడకు ఏడుపు ఆగలేదు. కోడలి చెయ్యి పట్టుకుంది. "ఈసారి పండిన కాయ నువ్వే కొయ్యి. గింజలు నీ దగ్గరే ఉంచు. నాటేవేళకి నేనే వచ్చి అడుగుతా."

కోడలు ముక్కు తుడుచుకుంటూ ఆవిడ పక్కనే కూర్చుంది.

"అప్పుడు చూద్దాంలెండి, ఇవ్వాలో వద్దో."