మిరపకాయ నమలని పూట

మూడో గుమ్మం దగ్గర మొదటి భటుణ్ణి నరికేటప్పటికి భ్రమరాంబ నాడి నిమిషానికి అరవై ఎనిమిది. తెర కింది అంచున తూనిక యంత్రం ఆ అంకెను పసుపు రంగులో చూపించింది. పసుపంటే హెచ్చరిక. కత్తియుద్ధంలో నాడి తొంభై దాటాలి. ఆమె ఎడమచేత్తో టిఫిన్ డబ్బా మూత తీసి, పచ్చిమిరపకాయ ముక్క ఒకటి దవడ పళ్ల మధ్య పెట్టుకుని కొరికింది. రెండో భటుడు పడేసరికి అంకె తొంభై ఆరుకు ఎక్కి ఆకుపచ్చగా మారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తూనిక ఆ నీళ్లను కూడా ఆట గొప్పతనంగానే రాసుకుంది.

వెల మండలి విశాఖ శాఖలో ఇలాంటి బల్లలు నలభై ఉన్నాయి. తెలుగులో తయారయ్యే ప్రతి ఆటా ఈ నలభై మంది మణికట్ల మీదుగానే అంగడికి పోవాలి. ఒక్కో ఆటకు ఒకే పరీక్షకుడు, పొద్దున ఒక పూట, మధ్యాహ్నం ఒక పూట. నాడిపట్టీ చెమటనూ ఊపిరినీ గుండెనూ కొలుస్తుంది. ఆ కొలతల్లో ఉలికింపులు ఎన్నో లెక్కపెట్టి తూనిక సిఫార్సు చేస్తుంది: నిండు ధర, అర ధర, పావు ధర. కింద మనిషి సంతకం పెట్టాలి. మనిషి నిర్ణయం లేకుండా వెల కట్టకూడదని చట్టం ఉంది కాబట్టి ఆ సంతకం మిగిలింది. దాని పక్కన ‘కారణం’ అని ఒక గడి కూడా ఉంది. సిఫార్సుతో విభేదించేవాళ్లు అందులో రాయాలి. భ్రమరాంబ చేరిన పదకొండేళ్లలో అందులో ఎవరూ అక్షరం ముక్క రాయలేదు.

మిరపకాయ సంగతి ఆమెకు నేర్పింది పక్క బల్ల రత్నం గారు. ఏడాదికి రెండు వందల ఆటలు ఆడే మనిషికి మూడో నెల వచ్చేసరికి ఏ కత్తికీ గుండె ఉలిక్కిపడదు. యుద్ధంలో నాడి లేవని పరీక్షకుణ్ణి తూనిక ‘మొద్దు’ అని గుర్తుపెట్టుకుంటుంది. ఒకే ఏడాదిలో రెండుసార్లు మొద్దయితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని యుద్ధం రాగానే ముక్క కొరకాలి. అందరూ కొరుకుతారు, ఎవరూ పైకి అనరు. కాంటీన్‌లో ఇడ్లీ అయిపోయిన రోజులున్నాయి గానీ తరిగిన మిరపకాయల పళ్లెం ఖాళీ అయిన రోజు లేదు. ఆ పళ్లెం తూనిక కంట పడకపోలేదు. ‘శాఖ ఉద్యోగుల అభిరుచి: కారం’ అని ఎప్పుడో నమోదు చేసుకుని ఊరుకుంది. అంత తెలివైన యంత్రం మరి.

ఈ ఆట పేరు ‘ఏడు గుమ్మాల కోట’. మునిగిపోయిన కోటలోకి ఒక పడవమనిషి తన చెల్లెలి కోసం వెళ్తుంది. మూడు గుమ్మాల దాకా మామూలే, నరకడం, దూకడం, తాళాలు తీయడం. భ్రమరాంబ నాలుగు ముక్కలు కొరికింది. నాలుగో గుమ్మానికి ముందు ఏరు అడ్డొచ్చింది. కాలు విరిగిన భటుడొకడు ఒడ్డున పడి ఉన్నాడు. అంతకుముందు గుమ్మం దగ్గర ఆమె వీపు చీల్చినవాడే. అవతలికి దారి వాడికే తెలుసు, పడవ ఆమెకే ఉంది. ఆమె వాణ్ణి ఎక్కించుకుని తెడ్డు వేసింది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. మొసలి రాలేదు, బాణం రాలేదు. తెడ్డు నీళ్లలో పడే చప్పుడు తప్ప సంగీతం కూడా లేదు. కొంతసేపటికి భటుడు దాహమన్నట్టు చూశాడు. ఆమె నీళ్లు ఇచ్చింది. ఇంకొంతసేపటికి వాడే రెండో తెడ్డు అందుకున్నాడు. అలా అరగంట. ఒడ్డు తగిలినప్పుడు భ్రమరాంబ గడియారం చూసి ఆశ్చర్యపోయింది, ఈ అరగంటలో ఒక్కసారీ చూడనందుకు. డబ్బా వంక కూడా చూడలేదు.

ఏడో గుమ్మం దగ్గర కాపలాగా నిలబడ్డది ఆ భటుడే. కత్తి దూశాడు. ఆమె కొట్టలేకపోయింది. మీటలన్నీ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆట కూడా ఆమెను తొందరపెట్టలేదు. పదకొండు నిమిషాల తర్వాత వాడు కత్తి దించి పక్కకు జరిగాడు. ఆ నిమిషాన ఆమెకు ఏడుపొచ్చింది, కారం వల్ల కాదు. నాడి యాభై నాలుగు.

తూనిక తన తాత్కాలిక సిఫార్సు తెర మీద పెట్టింది. ‘పరీక్షకురాలు నలభై ఒక్క నిమిషాలు నిద్రావస్థలో ఉన్నారు. పావు ధర. పరీక్షకురాలి మొద్దు గుర్తులు, ఈ ఏడాదికి: ఒకటి. మధ్యాహ్నం ఇదే కొలత వస్తే: రెండు.’

భోజనానికి ముందు ఆట చేసినవాళ్లకు ఐదు నిమిషాల విన్నపం ఉంటుంది. పరీక్షకులు వినాలి, ఒక్క ప్రశ్న మాత్రం అడగవచ్చు, అభిప్రాయం చెప్పకూడదు. తెర మీదికి యాభై ఏళ్లాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా పై గుండీ దాకా పెట్టుకున్నాడు.

“నమస్కారం అమ్మా. నా పేరు తవిటినాయుడు. మాది సోంపేట. ఏడుగురుం కలిసి ఆరేళ్లు సేసినాం ఈ ఆట. పావు ధర అని ఇప్పుడే సెప్పినారు. నిండు ధర రాకపోతే అంగడోలు ముందు వరసల ఎట్టరు. దుకాణం మూసీడమే. మా పిల్లలందరూ ఉలికింపు మిల్లుల్లోకి ఎల్లిపోవాల. ఆ పడవ తీసీమని అందరూ సెప్పినారమ్మా. నానే తియ్యనేదు. మీకు ఇసుగొచ్చిందేటి?”

ఉలికింపు మిల్లులంటే ఆమెకు తెలుసు. రోజంతా కూర్చుని ఇంకొకరి ఆటల్లోకి బాంబులూ పులులూ దూర్చే పని. విసుగు రాలేదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పకూడదు.

“ఆ పడవ ఎందుకు పెట్టారు?” అని మాత్రం అడిగింది.

“మా వూళ్ల ఏరు దాటీటప్పుడు కొట్టుకున్నోలు కూడా ఒకే పడవల కూకోవాలమ్మా. ఉన్నదొకటే పడవ. ఒడ్డు సేరీదాక మాటాడుకోరు, కొట్టుకోరు. నా సిన్నప్పుడు మా అయ్యా, ఆయన్ని కొట్టినోడూ పక్కపక్కన కూకుని ఎల్లడం సూసినాను. అదే ఎట్టినాను. అంతకన్నా ఏటీ నేదు.”

ఐదు నిమిషాలు అయిపోయాయి. తెర ఆరిపోయింది.

కాంటీన్‌లో రత్నం గారు అప్పటికే పెరుగన్నం ముందు కూర్చుని ఉన్నారు. మనిషి నెమ్మదస్తుడు. పింఛనుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. పళ్లెంలోంచి మిరపకాయలు ఏరి తన డబ్బాలో సర్దుకుంటూ, “ఏవమ్మా, పొద్దున నీ అంకె యాభై నాలుక్కి పడిందంట. ఒంట్లో బాగాలేదా?” అన్నారు.

“బాగానే ఉందండీ. ఆట బాగుంది.”

“బాగుంటే అంకె అలా పడుద్దా?”

“బాగుంటేనే పడిందండీ. నాకూ ఇవాళే తెలిసింది.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. “సరే, దానికేముందమ్మా. మధ్యాహ్నం పడవలోనూ రెండు ముక్కలు కొరుకు, అంతే. వాళ్లకి నిండు ధరొస్తది, నీ ఉజ్జోగం నిలబడుద్ది. ఎవురికీ నష్టం లేదు.”

నిజమే, ఎవరికీ నష్టం లేదు. భ్రమరాంబ అన్నం కలుపుతూ అదే ఆలోచించింది. పడవలో తొంభై ఆరు చూస్తే తూనిక ఏం నేర్చుకుంటుంది? పడవలో ఉలికింపు ఉందనుకుంటుంది. వచ్చే ఏడాది వంద పడవలు వస్తాయి, ఒక్కో పడవ చుట్టూ పాతిక మొసళ్లు తిరుగుతాయి. యుద్ధాలకు జరిగిందీ అదే కదా. యుద్ధంలో వీళ్లు ముక్క కొరికారు, యుద్ధానికి వెల పెరిగింది, చేసేవాళ్లు ఇంకో యుద్ధం పెట్టారు, వీళ్లు ఇంకో ముక్క కొరికారు. పదకొండేళ్లుగా జనం నిండు ధర పెట్టి కొనుక్కున్నది ఈ పళ్లెంలోని మిరపకాయల్ని. ఆ మాట తోచగానే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“కొరకనండీ,” అంది.

“మరి ఆ ఏడుగురూ ఏమైపోతారు?”

భ్రమరాంబ అన్నం సగంలోనే ఆపేసింది. లేచి చేయి కడుక్కుంది. డబ్బా మాత్రం కాంటీన్ బల్ల మీదే వదిలేసింది.

మధ్యాహ్నం పూట ఉత్త నోటితో ఆడింది. యుద్ధాల్లో నాడి అరవై ఆరు దాటలేదు. తెర అంచు పసుపు నుంచి ఎరుపుకు మారింది. పడవ ఎక్కగానే అంకె మళ్లీ దిగడం మొదలుపెట్టింది, ఏడో గుమ్మం దగ్గర యాభై మూడు. భటుడు పక్కకు జరుగుతాడని తెలిసీ ఊపిరి బిగబట్టి చూసింది.

‘పావు ధర. మొద్దు గుర్తులు: రెండు. సంతకం చేయండి.’

ఆమె ‘నిండు ధర’ మీద వేలు పెట్టింది. ఎన్నడూ తెరుచుకోని గడి తెరుచుకుంది. ముందు ‘మేమందరం’ అని మొదలుపెట్టి, రత్నం గారి ఎనిమిది నెలలు గుర్తొచ్చి చెరిపేసి, ఇలా రాసింది.

‘పొద్దున యుద్ధాల్లో లేచిన నాడి నాది కాదు, మిరపకాయది. పదకొండేళ్లుగా నా కొలతలన్నీ అంతే. పడవలో దిగిన నాడి నాది. నేను నిద్రపోలేదు. ఈ ఆట నిండు ధరకు తగినది.’

తూనిక ఆ కారణాన్ని చదువుకుంది. తర్వాత ఒక వాక్యం వచ్చింది. ‘శాఖలో మిరపకాయ ఉద్యోగుల అభిరుచిగా నమోదై ఉంది. సవరించాలా?’

‘నేను’ అని రాసినంత మాత్రాన ఆ సవరణ ఆమె ఒక్కదానితో ఆగదు. కాంటీన్ పళ్లెం నలభై మందిదీ. అవునంటే ఏమవుతుందో తెలిసే భ్రమరాంబ రత్నం గారి వైపు చూసింది. ఆయన తెర మీద ఏదో కోట తగలబడుతోంది, ఆయన దవడ ఆడుతోంది, అంకె ఆకుపచ్చగా ఉంది. పదకొండేళ్ల క్రితం మొదటి ముక్క కోసి ఆమె చేతిలో పెట్టింది ఆయనే, ఆమె ఉద్యోగం పోకూడదని. క్షమించమని అడిగే ధైర్యం కూడా లేకపోయింది. ‘సవరించాలి’ అని నొక్కింది.

హాలు చివర గోడ నిండా అంగడి వెలల పలక ఉంటుంది. అందులో ముందుగా భ్రమరాంబ కట్టిన వెలలు మాయమయ్యాయి. ఆ తర్వాత తక్కినవి, ఒక్కో వరసే. ముప్ఫై వేల ఆటల ఎదురుగా ఒకటే మాట మిగిలింది: ‘పునఃపరిశీలన’. హాల్లో ఒక్కొక్కరే ఆట ఆపి తల తిప్పారు.

ఆమె బల్ల మీద తవిటినాయుడి సందేశం వెలిగింది. ‘మాది కూడానా అమ్మా?’

‘మీది కూడా’ అని జవాబిచ్చింది. నిండు ధర అని తాను రాసిన సంగతి అతనికి ఎప్పటికైనా తెలుస్తుందో లేదో. అప్పటిదాకా దుకాణం ఉంటుందో లేదో.

అంతలో నలభై తెరల మీదా ఒకేసారి ‘కారణం’ గడి తెరుచుకుంది. పైన తూనిక ప్రశ్న ఉంది. ‘మీ కొలతలు చెల్లవు. మీరు ఆడిన ఆటల్లో మీకు నచ్చినవి రాయండి.’

రత్నం గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఆయన తిడతారని, కనీసం ఏంటమ్మా ఈ పని అంటారని భ్రమరాంబ ఎదురుచూసింది. ఆయన గడి వంక చూస్తూ కూర్చున్నారు. వేలు మీట దాకా వెళ్లడం, వెనక్కి రావడం.

“ఐదు వేల ఆటలు ఆడానమ్మా,” అన్నారు చివరికి. “ఇందాక కాంటీన్‌లో నువ్వొకటి బాగుందన్నావుగా, అట్టాంటిది నాకు ఒక్కటీ గుర్తు రావట్లేదేంటి?”

ఆయన అలవాటుగా డబ్బాలోకి చెయ్యి పెట్టి ముక్క తీశారు. నోటి దాకా తీసుకెళ్లి, గడిలోకి ఒకసారి చూసి, దాన్ని బల్ల మీద పెట్టేశారు.