మానో అంటే చెయ్యి

పొద్దున్నే జొన్నరొట్టెలు తట్టే చప్పుడుతో పాటు స్పానిష్ మాటలు కూడా వినబడటం గాంధీనగర్‌లో కృపమణి ఇంటికే చెల్లింది. కూతురు యూనీస్ నర్సు. పెరూ దేశపు కొండల్లోని మిషన్ ఆసుపత్రికి వెళ్ళాలని రెండు నెలలుగా ఆ భాష నేర్చుకుంటోంది. తల్లి రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని పాఠం అప్పజెప్పేది.

మానో అంటే చెయ్యి. పిల్లను పెళ్ళికి అడిగితే ఆమె మానో అడిగారంటారట. సాయానికి వస్తే మానో వేశారంటారట. "మనమూ ఒక చెయ్యి వెయ్యమంటాం గదమ్మా," అని కృపమణి నవ్వేది. సూది వేసేముందు రోగితో 'దెమె లా మానో' అనాలట, మీ చెయ్యి ఇవ్వండి అని. ఆ మాటలు బిడ్డ ఎందుకు నేర్చుకుంటోందో గుర్తొస్తే మాత్రం కృపమణికి రొట్టె మాడిపోయేది.

వసారాలో భర్త వరప్రసాదం వినీ విననట్టు కూర్చునేవాడు. సండూరు గనుల నుంచి ఖనిజం లారీ తోలిన మనిషి. నిరుడు లారీ వెనక తలుపు కుడిచేతి మీద పడింది. అప్పటినుంచి చచ్చుబడిన ఆ చెయ్యి తువ్వాలు కిందే ఉంటుంది.

ఊరు దాటే బిడ్డ తలమీద తండ్రి చెయ్యి ఉంచి ప్రార్థన చేయడం వాళ్ళ సంఘంలో ఆనవాయితీ. మధ్యాహ్నం బెంగళూరు బస్సు. వరప్రసాదం చెయ్యి పెట్టనన్నాడు. పెట్టకపోతే కదలనని యూనీస్ పెట్టె మీద కూర్చుంది. పొమ్మననూ లేక, ఉండమననూ లేక కృపమణి అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి మొగుడి ముందు నిలబడింది.

"బిడ్డ పోయేది నీకిష్టం లేదు, తెలుసు. దీవెన గూడా ఇయ్యవా?"

"ఇష్టం లేదని ఎవురు చెప్పినారు?" అన్నాడు వరప్రసాదం. "దీవించే చెయ్యి యాడుండాది నాకు? ఎడమ చెయ్యి పెట్టాల్నా బిడ్డ నెత్తిన?"

ఏడాదిగా ఆ మనిషికి అన్నం కలిపి పెడుతున్న కృపమణికే ఇది తట్టలేదు. మొండితనమనుకుని పొద్దుటినుంచీ తిట్టుకుంది.

యూనీస్ వచ్చి తండ్రి ముందు మోకాళ్ళూనింది. అరచెయ్యి చాపి, "దెమె లా మానో, నాయనా," అంది.

రెండు నెలలు విన్నవాడికి అర్థం చెప్పనక్కర్లేకపోయింది. తువ్వాలు తీసి, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి కూతురి తలమీద పెట్టాడు. జారిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. అప్పుడు కృపమణి తన రెండు చేతులతో దాన్ని అక్కడే పట్టుకుంది. ప్రార్థన సగంలో ఆగిపోయి, ముగ్గురూ ఏడ్చారు.

బస్సు వెళ్ళిపోయింది. ఖనిజం లారీల ఎర్రదుమ్ములో ఇద్దరూ ఇంటిదారి పట్టారు. నడుస్తూనే వరప్రసాదం అడిగాడు.

"ఆ చేతికి ఏమీ తెలీలేదు కృపా. బిడ్డ వెంట్రుకలు మెత్తగుండాయా?"

"మెత్తగానే ఉండాయి," అంది కృపమణి.