చెంచా చప్పుడు

కాలింగ్ బెల్ మూడోసారి మోగింది. గిలక్కాయ విసుక్కుంటూ వెళ్లి తలుపు తీసింది.

గిలక్కాయ అసలు పేరు కాదు. ఇంట్లో క్షణం కూడా చప్పుడు ఆపదని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు. ఐదో తరగతి చదువుతోంది. స్కూలు వార్షికోత్సవంలో డాన్సు ఉంది. ముందు వరసలో తనే. ఇద్దరు స్నేహితురాళ్లతో ఇంట్లో పాట పెట్టుకుని ప్రాక్టీసు చేస్తోంది.

గుమ్మంలో గడియారాల తాత నిలబడి ఉన్నాడు. పక్క వాటాలో ఉంటాడు. ముందు గదిలో బల్ల వేసుకుని పాత గడియారాలు బాగుచేస్తాడు. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు.

"ఆ పాట కాస్త తగ్గించు తల్లీ. నాకేం వినపడట్లేదు. మా ఆవిడ లోపల..."

"సరే తాతా," అని గిలక్కాయ తలుపేసింది.

ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు.

"ఏమంటాడే?" అంది పొడుగు పిల్ల.

"రోజూ ఉండే గోలే. వినపడట్లేదట."

"ఏం వినాలట? టిక్కు టిక్కా?" అంది కళ్లద్దాల పిల్ల. పిడికిలి కంటికి ఆనించి, నడుం వంచి, గడియారం బాగుచేస్తున్నట్టు నటించింది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. పాట తగ్గించలేదు.

గిలక్కాయ ఆ మాట ఏ రోజూ చివరిదాకా వినలేదు. మీకు నేను చెబుతాను.

గోడకు అవతల, వెనక గదిలో, తాత భార్య మంచం మీద ఉంది. రెండేళ్లుగా కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయడం లేదు. మాట కూడా పోయింది. మంచం పక్కన స్టూలు మీద ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా ఉండేవి. ఒకసారి కొడితే మంచినీళ్లు. రెండుసార్లు కొడితే బాత్రూం. ఆపకుండా కొడితే ఉన్నపళంగా రమ్మని. తాత పని ముందు గదిలో. వెలుతురు అక్కడే, మనుషులు వచ్చేదీ అక్కడికే. చప్పుడు వినగానే చేతిలో పని వదిలి లోపలికి వెళ్లేవాడు. ఆ ఇద్దరి మధ్య మిగిలిన మాటలన్నీ ఆ గ్లాసు మీదే.

ఆ సాయంత్రం గిలక్కాయ నాన్నకు ఫిర్యాదు చేసింది.

"మాటిమాటికీ వచ్చి పాట ఆపమంటున్నాడు నాన్నా."

"రాత్రి పది దాకా అడిగే హక్కు ఎవరికీ లేదు. మన ఇల్లు, మన ఇష్టం. నువ్వు ఆడుకో."

ఎందుకు ఆపమంటున్నాడని నాన్న అడగలేదు.

శనివారం మధ్యాహ్నం పిల్లలు మళ్లీ చేరారు. గిలక్కాయ స్పీకర్‌ను లాక్కెళ్లి గోడకు ఆనించింది. దాని మూతి తాత ఇంటివైపు తిప్పింది.

"వినపడట్లేదన్నాడుగా. ఇప్పుడు బాగా వినపడుతుంది," అంది. సౌండు చివరిదాకా పెంచింది.

రెండు నిమిషాల్లో బెల్ మోగింది.

"తాతే," అంది కళ్లద్దాల పిల్ల.

"తియ్యకు. మోగనీ."

బెల్ మళ్లీ మోగింది. మోగినప్పుడల్లా ముగ్గురూ ఒక గెంతు గెంతారు. భలే ఆటగా ఉంది.

"ఎవరే బయట?" లోపలి గదిలోంచి నాన్న అరిచాడు. మంచం మీద పడుకుని ఫోను చూస్తున్నాడు.

"ఎవరూ లేరు నాన్నా!"

పాట అయిపోయింది. బెల్ కూడా ఆగిపోయింది. అడుగుల చప్పుడు పక్క వాటాలోకి వెళ్లింది.

తర్వాత గోడ అవతలి నుంచి తాత కేక వినిపించింది.

"ఏమేవ్! ఏమేవ్!"

పిల్లలు పరుగెత్తారు. నాన్న కూడా లేచి వచ్చాడు. వెనక గదిలో, మంచానికీ స్టూలుకూ మధ్య, ముసలావిడ నేల మీద పడి ఉంది. గ్లాసు దొర్లి గుమ్మం దాకా వచ్చింది. ఎడమ చేతిలో చెంచా మాత్రం అలాగే ఉంది. గట్టిగా పట్టుకుని ఉంది.

ఆమె చెంచా కొట్టినంతసేపూ తాత పక్కింటి గుమ్మంలో బెల్ కొడుతూ నిలబడ్డాడు.

తుంటి ఎముక విరిగిందన్నారు. పద్దెనిమిదో రోజు తాత ఆసుపత్రి నుంచి ఒక్కడే తిరిగొచ్చాడు.

గ్లాసు సంగతి అమ్మకు ఆసుపత్రిలో తెలిసింది. ఇంటికొచ్చి చెప్పింది.

"ఆ రోజు బెల్ మోగితే తలుపెందుకు తియ్యలేదే?"

గిలక్కాయ గోడకు ఆనించిన స్పీకర్ వైపు చూసింది. అమ్మ మళ్లీ అడగలేదు. నాన్న వైపు తిరిగింది.

"పదండి, ముగ్గురం వెళ్లి ఆయనకు కనపడి వద్దాం."

"నాకు పనుంది," అన్నాడు నాన్న. పనేం లేదు.

అమ్మ చెప్పులు వేసుకునేలోపే గిలక్కాయ వెళ్లి తాత తలుపు కొట్టింది. ఆయన తలుపు తీశాడు. బల్ల మీద గడియారాల పక్కన ఆ స్టీలు గ్లాసు ఉంది. అంచు సొట్టపోయి ఉంది.

"తాతా... నాకు తెలియదు. తెలియక..."

"తెలుసుకోవడానికి నిలబడ్డావా? నాలుగుసార్లు చెప్పబోయాను. నాలుగుసార్లూ తలుపేశావు."

గిలక్కాయ ఏడ్చింది. ఆయన ఏడవొద్దనలేదు.

"పాట ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా పెట్టుకో. ఇక ఈ ఇంట్లో నేను వినాల్సింది ఏమీ లేదు."

తలుపు మెల్లగా వేసుకున్నాడు.

ఆయన ఆ తర్వాత క్షమించాడా అని అడగకండి. క్షమించలేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుని వెళ్లిపోతాడు.

వార్షికోత్సవం దగ్గరపడింది. పిల్లలు మళ్లీ వచ్చారు. గిలక్కాయ స్పీకర్‌ను గోడ నుంచి జరిపి, సౌండు తగ్గించి పెట్టింది.

"ఇదేం పాటే, దోమ పాడుతున్నట్టుంది!" అంది పొడుగు పిల్ల.

బెల్ మోగింది. ఒక్కసారే. గిలక్కాయ పాట ఆపేసి పరుగున వెళ్లి తలుపు తీసింది. కింది వాటాలో ఉండే బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు.

"ఏంటి అంకుల్?"

"ఏం లేదమ్మా. ఆ పాట..." అని ఆయన మొహమాటంగా ఆగాడు. పిల్ల తలుపేస్తుందేమోనని చూశాడు. గిలక్కాయ తలుపును చేత్తో పట్టుకుని నిలబడింది.

"చెప్పండి."

"పెద్ద కారణమేం కాదులే. మా డ్రైవరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పాటే పెడతాడు. ఇంటికొచ్చాక కూడా అదేనా అని..."

లోపల ఇద్దరూ కిసుక్కున నవ్వారు. గిలక్కాయ నవ్వలేదు.

"ఇంకేమైనా ఉందా అంకుల్?"

"లేదమ్మా. అంతే."

"మళ్లీ పెట్టం. కిందికి, గ్రౌండ్‌కి వెళ్లి ఆడుకుంటాం."

కండక్టరు మెట్లు దిగి తన గుమ్మంలోకి వెళ్లేదాకా గిలక్కాయ తలుపు పట్టుకునే ఉంది. పక్క వాటా తలుపు మూసే ఉంది.