నాలుగో మూత

ఆ కారు చక్రం మూత ఎంత దూరం దొర్లిందని అడిగితే వీధిలో ఎవరి లెక్క వారిది. టీకొట్టు ఆయనైతే అది రెండు మలుపులు తిరిగి, ఎర్రలైటు దగ్గర బుద్ధిగా ఆగి, పచ్చలైటు పడ్డాకే పెయింటింగ్ షెడ్డులోకి వచ్చిందని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. అంత లేదు గానీ, అది తిన్నగా వచ్చి, అప్పుడే రంగు వేసి ఎండకు పెట్టిన కారు డోరును గీరేసిన మాట మాత్రం నిజం.

దాని వెనకాలే ఒక ముసలి కారు వచ్చి ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి దిగింది.

పోట్లాటకు ఇద్దరు కావాలంటారు. ఆ రోజు ఆమె ఒక్కతే రెండు పక్షాలా పోట్లాడింది. డోరు వీధిలో ఎందుకు పెట్టారని అడిగి, ఎండ అక్కడే ఉంటుందని రంగులు వేసే కుర్రాడి తరఫున తానే జవాబు చెప్పి, ఆ జవాబు విని మళ్ళీ తానే మండిపడింది. కుర్రాడు డోరును చూశాడు, ఆమెను చూశాడు, మూతను చొక్కా అంచుతో తుడిచి చేతికిచ్చాడు. నోరు విప్పితే ఒట్టు. బెల్లం కొట్టిన రాయిలా ఉంటాడని షెడ్డు ఓనరే అతనికి బెల్లంరాయి అని పేరు పెట్టాడు. ఆమె వెళ్ళగానే ఆమెకూ ఒక పేరు పెట్టేశాడు: హారన్.

మర్నాడు హారన్ మళ్ళీ వచ్చింది. డోరు గీరినందుకు సారీ చెప్పి, నాలుగు మూతలూ వదులయ్యాయి, బాగుచేయాలంది. ఆమె తండ్రి డ్రైవింగ్ మాస్టారు. ఊళ్ళో సగంమంది స్టీరింగ్ పట్టింది ఆ కారులోనే. మోకాళ్ళు మొరాయించి ఆయన మానేస్తున్నారు. వచ్చేవారం ఆమె అదే కారుతో నేర్పే లైసెన్సు పరీక్షకు వెళ్ళాలి. పాసైతే డ్రైవింగ్ స్కూలు ఆమెది, లేకపోతే షటర్ దించేయడమే. పరీక్ష పెట్టే ఆఫీసరు ముందు బండిని తట్టి చూస్తాడట. ఏదైనా ఊగితే ఇక స్టీరింగ్ పట్టనివ్వడట.

ఆ మూతల వెనక చిన్న ప్లాస్టిక్ కాళ్ళుంటాయి. వాటిని లోపలినుంచి బయటకు నెట్టి పట్టి ఉంచేది ఒక ఉక్కుతీగ రింగు. రింగు నీరసపడితే మూత పట్టు వదిలేస్తుంది. బెల్లంరాయి రింగుల తుప్పు గీకాడు. మూతలను సబ్బునీళ్ళతో కడిగి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, వెండిరంగు వేసి, పైన మెరుపు పూత పూశాడు. ఆమె రోజూ వచ్చి ఆరాయా అని అడిగేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. మూడోరోజు టీకొట్టు ఆయన కలగజేసుకుని, ఇంతసేపట్లో సముద్రమైనా ఆరిపోతుందయ్యా అన్నాడు.

ఆరిన సంగతి ఇక దాచలేక బిగించడానికి కూర్చున్నాడు. మూడు రింగులను ప్లయర్‌తో కాస్త సాగదీసి, మూతలను టక్కున కూర్చోబెట్టాడు. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది. ఇదీ బిగిస్తే ఆమె మళ్ళీ ఎందుకు వస్తుంది? పరీక్ష వచ్చేవారం కదా, ఊగుతోందని రెండు రోజుల్లో తనే తెస్తుంది, అప్పుడు బిగిద్దామనుకున్నాడు. రింగును సాగదీయకుండానే పెట్టేశాడు.

రెండు రోజులు గడిచాయి. ఆమె రాలేదు. మూడోరోజు పొద్దున్నే వాన. టీ గ్లాసు అందిస్తూ కొట్టు ఆయన యథాలాపంగా చెప్పాడు, మాస్టారి అమ్మాయి పరీక్ష ఇవాళ్టికే మారిందట, ఇందాకే తండ్రీకూతుళ్ళు కారులో వెళ్ళారని.

గ్లాసు బల్లమీదే ఉండిపోయింది. ప్లయర్ జేబులో పెట్టుకుని, బెల్లంరాయి ఓనరు స్కూటరు తీశాడు. ఓనరు వెనకనుంచి అరుస్తున్నాడు గానీ వాన ముందు ఆయన గొంతు ఏపాటి? దారి పొడవునా రోడ్డు అంచులు వెతుకుతూ పోయాడు. వెండిరంగుది ఏది మెరిసినా బ్రేకు వేసేవాడు. ఒకచోట అది నలిగిన డబ్బామూత, ఇంకొకచోట ఉత్త నీటిగుంట. ఊడిన మూత వెనక వచ్చే బైకుకు తగిలితే? ఆఫీసరు కాళ్ళ దగ్గరే పడితే?

రైల్వే గేటు వేసి ఉంది. ఆగిన బండ్ల వరసలో ముసలి కారు కనబడింది. ముందు చక్రాలకు మూతలున్నాయి. వెనక కుడివైపు ఉంది. ఎడమవైపు చక్రం బోసిగా ఉంది.

అతను స్కూటరు ఆపి, మాస్టారి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అద్దం దిగింది.

"ఆ మూత ఊడిపోయింది సార్. తప్పు నాదే. వదులుగా పెట్టాను."

"చూసుకోలేదా?"

"చూసే పెట్టాను. కావాలనే."

మాస్టారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగారు. వానలో నిలబడి అతన్ని పైనుంచి కిందికి చూశారు. వెనకబండివాడు కూడా హారన్ కొట్టడం మానేశాడు.

"నా కూతురు కూర్చునే బండికా? ఎందుకు?"

బెల్లంరాయి జేబులోంచి ప్లయర్ తీసి, బోసిచక్రం వైపు చూశాడు.

అవతలి డోరు తెరుచుకుంది. ఆమె దిగి, వెనకసీటులోని సంచిలోంచి మూత తీసి కారు పైన పెట్టింది.

"నాన్నా, మీరు నేర్పిందే కదా, తీసేముందు బండి చుట్టూ తిరిగి ప్రతి చక్రం నొక్కి చూడమని. ఇంటికి తెచ్చినరోజే నొక్కాను. మూడు కదల్లేదు, ఒకటి గిరగిరా తిరిగింది. తీసి దాచేశాను." అతని వైపు తిరిగింది. "మూడింటిని అంత గట్టిగా పెట్టిన చెయ్యి నాలుగోది మర్చిపోదు. అర్థమైంది. అయినా ఒళ్ళుమండింది, అందుకే రాలేదు. మళ్ళీ రమ్మని చెప్పడానికి మీకు నోరు లేదా?"

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తరువాత చక్రం వైపు గడ్డం ఆడించారు.

"ముందు అది పెట్టు."

అతను నీళ్ళలో మోకాళ్ళమీద కూర్చుని, రింగు సాగదీసి, అరచేత్తో గుద్దాడు. టక్కుమంది. మాస్టారు వంగి, గోళ్ళు ఆనించి లాగారు. రెండోసారి పళ్ళు బిగించి లాగారు. మూత కదల్లేదు గానీ ఆయన కదిలిపోయి, కుర్రాడి భుజం పట్టుకుని నిలదొక్కుకున్నారు. పట్టుకున్న భుజాన్ని వెంటనే వదల్లేదు.

రైలు దాటింది. గేటు లేస్తోంది. వెనక హారన్లన్నీ ఒక్కసారి మొదలయ్యాయి.

"రేపు షెడ్డుకు రండి," అన్నాడు బెల్లంరాయి.

"బండికి ఏం పనుందని?" అంది ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంటూ.

"ఏ పనీ లేదు. ఊరికే రండి."

మళ్ళీ కారెక్కిన మాస్టారి గొంతు కిటికీలోంచి వచ్చింది. "ఊరికే వచ్చేటట్టయితే ఆదివారం పెట్టుకో. నేనూ వస్తా. నీతో మాట్లాడాలి. నువ్వూ మాట్లాడటం ప్రాక్టీసు చేసుకో."

కారు గేటు దాటి, మలుపు తిరిగే దాకా అతను ఆ చక్రాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం ఇంకా రానే లేదు. ఆ సాయంత్రమే ముసలి కారు షెడ్డు ముందు ఆగింది. ఓనరు బయటకు వచ్చి నాలుగు చక్రాలూ చూశాడు. మూతలు నాలుగూ అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ఏమైందమ్మా బండికి?"

"ఏం కాలేదండీ," అంది హారన్. "పాసయ్యాను. ఆయన ఉన్నారా?"