మాట వినపడే సెట్టు

పొద్దున్నే తోటలో కొబ్బరి చెట్లకు నీళ్ళు పెట్టి వచ్చి, కూర్మనాథం వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. లోపల టీవీలో వార్తలు వస్తున్నాయి. అతని భార్య రత్నాలమ్మ టీవీకి ఎదురుగా నేల మీద కూర్చుని, మెడ చాచి, ఒక చెవి అటు పెట్టి వింటోంది.

"ఏటన్నాడే పెమోదినీ?" అని కోడలిని అడిగింది.

"రేపట్నించి వానలంట అత్తా."

"ఎక్కడంట? ఆ తరవాతేటన్నాడు?"

"అబ్బబ్బ, ఊరుకోవే రత్నాలూ! ఆ పిల్లని టీ తాగనియ్యవేటి?" అంటూ కూర్మనాథం లోపలికొచ్చాడు.

రత్నాలమ్మ లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నీటికాసుల జబ్బుతో ఆమె రెండు కళ్ళూ పోయి రెండేళ్ళవుతోంది. అప్పట్నించీ కూర్మనాథం ఆమెను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు, కాదనడానికి లేదు. చిక్కంతా ఆ చూసుకోవడంలోనే ఉంది. "నీకెందుకు, నువ్వు కూకో" అన్న ఒక్క మాటతో ఆమెకు సంత పోయింది, చీర ఎంచుకోవడం పోయింది, చివరికి కూరేం వండాలని అడిగేవాళ్ళు కూడా పోయారు. కళ్ళు పోయినందుకు రత్నాలమ్మ ఒకసారే ఏడ్చింది. తనను ఎవరూ ఏదీ అడగనందుకు మాత్రం రోజూ లోపల్లోపల కుమిలిపోతోంది.

మాట వినపడకపోవడం ఆమె చెవుల తప్పు కాదు, కొత్త టీవీ తప్పు. బొమ్మ బ్రహ్మాండం. మాట మాత్రం మూతికి గుడ్డ కట్టుకుని మాట్లాడినట్టుంటుంది. కొడుకు ఢిల్లీబాబు పెళ్ళికి ముందు మోజుపడి కొన్న పెద్ద స్పీకర్లు అటక మీదున్నాయి. టీవీ శబ్దాన్ని వాటికి అందించాల్సిన రిసీవరు పిడుగులకు మాడిపోయింది. కొత్తది కొనాలంటే మాటలా? కాశీబుగ్గలో పోలారావు దుకాణంలో వాడిన రిసీవరు సెట్లు చవగ్గా దొరుకుతాయి.

"అమ్మకోసం ఒకటి తెద్దాం నాన్నా" అన్నాడు ఢిల్లీబాబు.

"నానూ వత్తాన్రా" అంది రత్నాలమ్మ పెరటి గుమ్మంలోంచి ఆశగా.

"నీకెందుకే ఆ అవస్త? ఎండా, ఆటోలూనూ. నువ్వు కూకో, మేం తెత్తాం" అన్నాడు కూర్మనాథం. తండ్రీకొడుకులిద్దరూ బండెక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి ఇద్దరూ పెద్ద నల్లటి పెట్టెను మోసుకొచ్చారు. కూర్మనాథం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కొబ్బరికాయను చేత్తో లేపి, బరువు చూసి మంచిచెడ్డలు తేల్చే మనిషి. దుకాణంలోనూ అదే పని చేశాడు. వరసలో ఉన్న సెట్లన్నిటినీ ఒక్కొక్కటే లేపి చూసి, అన్నిటికంటే బరువైనదాని దగ్గర ఆగి, "ఇదీ! దీన్లో సరుకున్నాది" అన్నాడు. పోలారావు పాట పెడితే అద్దాలు అదిరిపోయాయి. ఇద్దరూ మురిసిపోయారు. దాని వెనక ఏ కన్నాలున్నాయో మాత్రం ఇద్దరిలో ఒక్కడూ చూడలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది. కొత్త టీవీ వెనకున్నవన్నీ డిజిటల్ కన్నాలే. శబ్దం బయటికి రావాలంటే వెలుతురు మీద నడిచే సన్నటి లైటు వైరు పెట్టాలి. ఈ పాత సెట్టుకేమో ఎర్ర, తెల్ల పిన్నుల కన్నాలు తప్ప ఇంకేం లేవు. మధ్యలో మరో డబ్బా ఏదో కొనిపెడితే గానీ రెండూ అతకవు.

"నువ్వు సూసుకోవద్దేట్రా? సదువుకున్నోడివి!" అని కూర్మనాథం విరుచుకుపడ్డాడు.

"నన్ను సూడనిచ్చినావేటి? బరువున్నాది, బరువున్నాదని నువ్వే కట్టించీసినావు!"

"పోన్లెండి, పాటలైనా ఇందాం" అంది ప్రమోదిని గొడవ పెరక్కుండా. ఢిల్లీబాబు అటక మీది స్పీకర్లు దింపి సెట్టుకు కలిపి, తన ఫోనుకు మామూలు వైరు తగిలించి పాట పెట్టాడు. అల్మారాలో గిన్నెలు గలగలలాడాయి. దడదడల మధ్య పాటలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఆపండెహె!"

అందరూ ఉలిక్కిపడ్డారు. రత్నాలమ్మ గొంతు అంత గట్టిగా విని చాలా కాలమైంది.

"ఎవులికోసం కొన్నార్రా దీన్ని?"

"నీకోసమే కదమ్మా" అన్నాడు ఢిల్లీబాబు నసుగుతూ.

"మరి ఇనేదాన్ని ఇంట్లో ఒగ్గీసి, సూసేవోళ్ళెల్లి కొనీసినారేటి?"

"అది కాదే, నీకు కనపడదు కదాని..." అన్నాడు కూర్మనాథం.

"సెట్టుని సూత్తారేటయ్యా? ఇంటారు! కళ్ళు పోనాయి, నిజమే. సెవులు పోనాయేటి? బుర్ర పోనాదేటి? అన్నం ఎడతన్నావు, మందులేత్తన్నావు. నీకేటి కావాలే అని ఒక్కనాడైనా అడిగినావా? ఈ ఇంట్లో నాతో పని అయిపోతే సెప్పీ. గోడకి దండేసిన పటంలాగ నానూ నోరు మూసుకుంటాను!"

ఆమె ముక్కు పుటాలు అదిరాయి. కూర్మనాథం తువ్వాలు భుజమ్మీంచి తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. ప్రమోదిని అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "మావయ్యా, రేపు మార్సడానికి ఎల్తారు కదా. అత్త కూడా వత్తాది" అంది. అడుగుతున్నట్టు కాదు, తేల్చేసినట్టే అంది.

మర్నాడు పోలారావు దుకాణంలో రత్నాలమ్మకు కుర్చీ వేశారు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని దర్జాగా కూర్చుంది. "పాటొద్దు నాయనా, మాట ఎట్టు. మాటాడతన్న మనిసిని ఎట్టు" అంది.

మొదటి సెట్టు పెట్టాడు. కాసేపు విని, "ఇప్పుడు సౌండు ఆపీ" అంది. ఆపాడు. "గుయ్యిమంటంది. పక్కనెట్టీ."

రెండోదాని వెనక వేళ్ళతో తడిమింది. "ఇది సముద్రం ఒడ్డునుంచి వచ్చినాదేటి?"

"భావనపాడు నుంచమ్మా! నీకెలా తెలిసినాది?"

"పిన్నులు గరగరలాడతన్నాయి. ఉప్పుగాలి తినీసినాది."

మూడోది చిన్నది, తేలికది. కూర్మనాథం అలవాటుగా చేత్తో లేపి, పెదవి విరిచి, ఏదో అనబోయి మింగేశాడు. దీనికి నడిమిన మరో స్పీకరు తగులుతుందనీ, మాటలు దాన్లోంచే వస్తాయనీ, వాటి మటుకే పెంచుకోవచ్చనీ పోలారావు చెప్పాడు. వంటల కార్యక్రమం పెట్టాడు.

"తగ్గించు. ఇంకా. ఇంకా తగ్గించు."

గొంతు గుసగుసంత అయ్యింది. అయినా ఒక్కో మాటా విడివిడిగా వినపడుతోంది. "ఓలమ్మా, మూకుట్లో జీడిపప్పు ఏగతన్న సప్పుడు కూడా ఇనపడతంది!" అని రత్నాలమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని కూర్మనాథం తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు.

"మన టీవీ వైరు దూరీది ఎక్కడరా?" అని ఆమె కొడుకుని అడిగింది. ఢిల్లీబాబు ఆమె వేలు తీసుకెళ్ళి సరైన చోట పెట్టాడు. చిన్న తలుపు లాంటి రేకు. గోటితో నొక్కితే లోపలికెళ్ళి మళ్ళీ మూసుకుంది. "ఆఁ, ఉన్నాది. కాసేపు మోగనీ నాయనా, మేం టీ తాగొత్తాం."

తిరిగొచ్చి సెట్టు నెత్తి మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది, అంతే, కాలడం లేదు. అప్పుడు బేరం మొదలుపెట్టింది. పోలారావు బరువు సెట్టు వెనక్కి తీసుకుని, నడిమి స్పీకరు కూడా కలిపి ఇస్తానని ఒప్పుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

పోలారావు అలవాటు కొద్దీ కూర్మనాథం వైపు తిరిగాడు. "ఇదే కట్టీమంటారా బాబూ?"

"నన్నడుగుతావేటి? ఆవిణ్ణడుగు" అన్నాడు కూర్మనాథం.

"కట్టీ" అంది రత్నాలమ్మ.

ఢిల్లీబాబు బండి మీద ముందే వెళ్ళిపోయాడు. ఆటోలో కూర్మనాథం సెట్టును ఒళ్ళో పెట్టుకుని రత్నాలమ్మ పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా జీడితోటలే. ఊరు దగ్గర పడుతుండగా ఆమె వైపు తిరిగి అన్నాడు.

"రత్నాలూ... నీకు కళ్ళు పోనాయని నాకు శానా బెంగే. ఆ బెంగతో నిన్ను మనిసిలాగ సూడ్డం మానీసినాను. తప్పయిపోనాదే."

రత్నాలమ్మ కొంగుతో ముందు తన కళ్ళు తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాచి, తడుముకుంటూ అతని చెంప దొరకబుచ్చుకుని, అదీ తుడిచింది.

"ఏడిసింది సాల్లే. ఆ సెట్టు జాగర్తగా పట్టుకో" అంది. "అది నాను కొన్నది."