ఏవిస్ అత్త గౌను

ఆ మధ్యాహ్నం మా నాన్న ఈల్ చేపల పులుసు తిని, చలిమంట పక్కన కుర్చీలో కునుకు తీస్తున్నాడు. బయట లింకన్‌షైర్ చిత్తడి నేలల మీదికి మంచు దిగుతోంది. నవంబరు నెల కదా, మూడు దాటగానే ఇంట్లో దీపాలు పెట్టేశారు. వంటింట్లో ఎవరో బాతు ఈకలు పీకుతూ కూనిరాగం తీస్తున్నారు. మర్నాడు పొద్దున్నే నన్ను రాజుగారి కొలువుకి పంపాలి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. పేరు థామసిన్. అమ్మ నన్ను కంటూనే పోయింది. నన్ను పెంచింది పనిమనిషి మాబెల్. నన్ను తయారు చేసింది మాత్రం మా నాయనమ్మ, ఫిలిప్పా.

తయారు చెయ్యడం అంటే మాటవరసకి అనడం లేదు. ఆర్నెల్ల పాటు రోజూ పాఠమే. ఎలా నడవాలి, రాజుగారు పరాచికమాడితే ఎంతసేపు నవ్వాలి, కళ్ళు ఎప్పుడు దించాలి, దించినవి ఎప్పుడు ఎత్తాలి. ఊళ్ళోవాళ్ళకి రాణిగారి చెలికత్తెగా వెళుతున్నానని చెప్పారు. అసలు సంగతి గుర్రాలశాలలో వాళ్ళక్కూడా తెలుసు. రాజుగారి చూపు ఏ ఇంటి పిల్ల మీద నిలిస్తే ఆ ఇంటికి భూములొస్తాయి, బిరుదులొస్తాయి.

"సంతకి తోలే గుర్రాన్ని కూడా ఇంతలా తోమరు తల్లీ," అని గొణుక్కునేది మాబెల్ నా జుట్టు దువ్వుతూ.

నాయనమ్మకి ఎప్పుడూ ఒకటే పోలిక. "మీ మేనత్త ఏవిస్‌కి ఇదంతా వారంలో వచ్చేసింది. ఆ జింకల వనం, ఆ మూడు ఊళ్ళు ఎలా వచ్చాయనుకున్నావ్? నీ బాబు కత్తి తిప్పితే వచ్చాయా?"

ఏవిస్ అత్తని నేను చూడలేదు. నేను పుట్టకముందే పోయింది. జ్వరం అన్నారు. ఇంట్లో ఆవిడ బొమ్మ కూడా ఉండేది కాదు. పైఅంతస్తులో చివర ఆవిడ గది మాత్రం ఉండేది, ఎప్పుడూ తాళంతో. ఆ రోజు ఆ గది తెరిచారు. కొలువుకి తగ్గ గౌను నాకు లేదు. ఆవిడ గౌను పెట్టెలో ఉంది.

ముదురాకుపచ్చ మఖమలు. ఇరవయ్యేళ్ళు పెట్టెలో ఉన్నా ఒక్క పురుగు ముట్టలేదు. ఎండిన లావెండరు వాసన వేసింది, దాని అడుగున మరేదో... తడి గోడ వాసన లాంటిది. మాబెల్ నాకు దాన్ని తొడిగి, వీపు మీద తాళ్ళు బిగించసాగింది. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. మాబెల్ బిగించడం ఆపేసింది.

"ఏమైంది?"

మాబెల్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "జ్వరం కాదు తల్లీ. ఆ పిల్ల కొలువు నుంచి సెలవు మీద ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళనంది. మీ నాయనమ్మగారు ఈ గదిలోనే పెట్టి తాళం వేశారు. సరే అంటే తీస్తానన్నారు. నిప్పు లేదు, తిండి లేదు. జనవరి నెల. పదకొండు రోజులు... 'అమ్మా, తలుపు తియ్యి' అని అరిచింది. సరే అని మాత్రం అనలేదు. తర్వాత అరవడం కూడా మానేసింది."

"నువ్వేం చేశావు?"

మాబెల్ తాళ్ళు ముడి వేసి, మొహం తిప్పుకుంది.

అప్పుడే నాయనమ్మ వచ్చింది. కొవ్వొత్తి ఎత్తి నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "తిరుగు," అంది. నేను తిరగలేదు.

"నేను వెళ్ళను."

"ఏమన్నావ్?"

"వెళ్ళనన్నాను. ఊళ్ళు కావాలంటే మీరే వెళ్ళి అడగండి రాజుగారిని. నడకలూ నవ్వులూ మీకు బాగా వచ్చు కదా."

మాబెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, అరవలేదు. మాబెల్‌ని బయటికి నడవమంది. తనూ వెళ్ళి, కొవ్వొత్తి తీసుకుపోతూ గుమ్మంలో ఆగింది.

"సరే అన్నాక తీస్తాను. నాకు ఓపిక ఎక్కువ."

తాళం తిరిగింది.

ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ, అరచెయ్యి వెడల్పు. అందులోంచి కాసేపు బూడిదరంగు వెలుతురొచ్చింది, తర్వాత అదీ పోయింది. కిందనుంచి పళ్ళాల చప్పుడు వినిపిస్తోంది. ఇంకా రాత్రి భోజనాల వేళ కూడా కాలేదు. నేల మీద పరిచిన రెల్లు నా కాళ్ళ కింద చిటపటమంది. మంచం అంచు మీద కూర్చున్నాను. భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. పదకొండు రోజులు ఆవిడ ఉండగలిగితే నేను పన్నెండు ఉంటాను అనుకున్నాను.

కాసేపటికి రెల్లు మళ్ళీ చిటపటమంది.

నేను కాళ్ళు కదపలేదు.

ఎలుక అనుకున్నాను. చప్పుడు ఆగింది. మళ్ళీ... ఒక్క అడుగు. తడి గోడ వాసన దగ్గరికొచ్చింది. ఊపిరి బిగబట్టాను. నా వీపు మీద ఏదో తగిలింది. సన్నగా, మెల్లగా. మాబెల్ వేసిన ముడిని ఎవరో వేళ్ళతో తడుముతున్నారు.

అరవాలనుకున్నాను.

ముడి విడింది.

ఒక్కొక్క తాడూ జారుతోంది. వేళ్ళు వీపుకి తగిలినచోటల్లా మంచుగడ్డ పెట్టినట్టుంది. తలుపు దగ్గరికి పరిగెత్తి రెండు చేతులా బాదాను. అవతల అడుగుల చప్పుడు. తలుపు కింద కొవ్వొత్తి వెలుగు.

"అంటావా?" నాయనమ్మ గొంతు.

నా నోట్లోకి ఆ మాట వచ్చేసింది. ఒక్క మాట. సరే అంటే తలుపు తెరుచుకుంటుంది. నా వెనక ఉన్నదేదో వెనకే ఉండిపోతుంది. పెదవులు విప్పాను...

చల్లటి అరచెయ్యి నా నోరు మూసింది. గట్టిగా కాదు. జ్వరం వచ్చిన పిల్ల నుదురు తాకినట్టు.

"అనకు," అంది చెవిలో.

ఆ చెయ్యి నన్ను చంపాలని రాలేదని నాకు అర్థమైంది. తలాడించాను. చెయ్యి తొలగింది. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచాను.

"అనను! పన్నెండు రోజులైనా అనను! చచ్చినా అనను!"

అవతల నాయనమ్మ నవ్వింది. "చూద్దాం."

అప్పుడు నా భుజం పక్కనుంచి ఇంకో గొంతు వచ్చింది. మెత్తగా, చక్కగా, కొలువులో మాట్లాడే తీరులో.

"సరే అమ్మా. నేను వెళ్తాను."

నవ్వు ఆగిపోయింది.

కొవ్వొత్తి నేల మీద పడింది. వెలుగు పోయింది. తాళంచెవి రాతి నేల మీద పడి ఖంగుమంది. అడుగులు... తడబడుతూ, గోడ పట్టుకుంటూ, దూరంగా. గౌను నా భుజాల మీంచి దానంతటదే జారింది. మఖమలు నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు నన్ను దాటి తలుపు దాకా వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు. చప్పుడు మాత్రం అవతలి వైపు కొనసాగింది. మెట్లు దిగింది.

తెల్లవారాక మాబెల్ ఆ తాళంచెవి ఏరుకొచ్చి తలుపు తీసింది. నేను లోపలి అంగీతో మూల కూర్చుని ఉన్నాను. గౌను కోసం గదంతా వెతికాం. లేదు.

నాయనమ్మ ఆ రోజు మంచం దిగలేదు. నా సంగతి ఎత్తలేదు. నాన్న నా గదికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పిల్లకి మశూచి సోకిందని రాసేస్తాను," అన్నాడు నా మొహంలోకి చూడకుండా.

"ఏమైనా రాసుకోండి. నేను మాత్రం ఎక్కడికీ రాను."

"తెలిసింది," అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక మిట్టమధ్యాహ్నం కొలువు నుంచి వార్తాహరుడొచ్చాడు. చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. ముంగిట్లో మంచు కరుగుతోంది. నాన్న గుమ్మంలోనే ఉత్తరం విప్పి పైకి చదివాడు. నేను పక్కనే ఉన్నాను.

మశూచి అని మీరు రాసిన పరాచికం మాకు అర్థం కాలేదు అని ఉంది అందులో. మీ అమ్మాయి నవంబరులోనే క్షేమంగా వచ్చింది. మాటలు తక్కువ, నడక చక్కనిది. రాజుగారికి ఆమె నచ్చింది. ఒక్కసారి ఇంటికెళ్ళి తల్లిని చూసొస్తానంటే సెలవిచ్చారు.

నాన్న చెయ్యి కిందికి జారింది. నాకు తల్లి లేదు.

"ఎప్పుడొస్తుందట?" అని అడిగాడు.

వార్తాహరుడు వింతగా చూశాడు. అతని చేతిలో రెండు గుర్రాల పగ్గాలున్నాయి. రెండోదాని మీద ఆడవాళ్ళ జీను.

"అమ్మగారు నాకంటే ముందే లోపలికెళ్ళారు కదండీ. మీ పక్కనుంచే వెళ్ళారు."

నాన్న మెట్ల వైపు పరిగెత్తాడు. మాబెల్ చేతులతో మొహం కప్పుకుంది. నేను కదల్లేదు. ఎండలో అక్కడే నిలబడ్డాను. ఆవిడని ఎందుకు ఆపలేదని తర్వాత చాలామంది అడిగారు. అడిగిన వాళ్ళందరినీ, ఆ పదకొండు రోజులూ మీరెక్కడున్నారని అడిగాను.

పైన నాయనమ్మ గదికి లోపల గడియ పడిన చప్పుడు ముంగిలి దాకా వినిపించింది.

ఆ తలుపుకి లోపలివైపు గడియే లేదు.